మా ఆయన చేసిన డ్యామేజ్

మొన్న సిరుగుప్పలో మా తమ్ముడింటికి పోయి తిరిగి వస్తున్నాను. బళ్ళారి బస్సు కిక్కిరిసి ఉంది. కాలేజీ పిల్ల ఒకతి జరిగి పక్కన చోటిచ్చింది. మంచి పిల్ల. ముందే చెప్తున్నాను, నా కోపం ఆ పిల్ల మీద కాదు. కూర్చున్నాక తల వంచి చూస్తే, ఆ పిల్ల వేసుకున్న జీన్స్ ప్యాంటుకు తొడ మీద ఒక తెల్లటి మరక. జేబు దగ్గర సన్నగా మొదలై, వంకరగా మోకాలి దాకా దిగి, చివర్లో చుక్కలు చుక్కలుగా చెదిరిపోయి ఉంది. నాకు తెలియకుండానే నా చేయి పోయి ఆ మరక మీద పడింది. పిల్ల ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కుంది.

"ఏందాంటీ?"

"ఇది యాడ కొన్నావు పాపా?"

"ఫోన్లో తెప్పించినా. డ్యామేజ్ ప్యాంటాంటీ ఇది, చానా రేటు. ఎవురైనా మరక పడిందనుకుంటారు, గానీ అదే డిజైను."

"ఎవురు చేసినారో తెల్సా?"

"మిషన్ చేస్తాదేమో," అని పిల్ల కిటికీ వైపు తిరిగింది. బళ్ళారి వచ్చే దాకా నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా కూతుర్ని పిలిచి, కాగితం తీసుకో, నేను చెప్పేది రాయి అన్నాను. నాకు నా పేరు రాయడం, బస్సు మీద బోర్డు కూడబలుక్కోవడం, అంతవరకే వచ్చు. తిట్లు మాత్రం తీసేస్తానంటోంది. కొన్ని తీసేయనీ. అన్నీ తీసేస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.

నాకు ఇంగ్లీషు రాదు. కానీ డ్యామేజ్ అనే ఈ ఒక్క మాట మీద మాత్రం పరీక్ష పెడితే ఏ కాలేజీ వాళ్ళనైనా ఓడిస్తాను. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను పావడా కట్టే పిల్లని. మా నాయన కాలవ కింద వరి పండించేవాడు. ఒక ఏడు కోత కోసి కళ్ళంలో పెట్టాక వాన పడింది. ఎండబెట్టి, తిరగబెట్టి, బండికెత్తి మిల్లుకు తీసుకుపోతే, అక్కడి వ్యాపారి ఒక గింజ పంటి కింద కొరికి, "డ్యామేజ్ ఉండాదప్పా," అన్నాడు. మా నాయనకు ఆ మాట తెలియదు. ఏదో తెగులు పేరనుకున్నాడు. ఇంటికొచ్చి మా అమ్మతో, "మన వడ్లకు డ్యామేజ్ వచ్చిందంట," అన్నాడు. మా అమ్మ కాసేపు ఆలోచించి, "ఎవురి చేనులో నుంచి అంటుకుందో," అంది. తర్వాత చాలా ఏళ్ళు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళిద్దరే దాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నారనిపిస్తుంది. అది తెగులే. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదే.

పెళ్ళయి బళ్ళారి వచ్చాను. సత్యనారాయణపేటలో ఒక పెద్దింటి వెనక రేకుల గదిలో కాపురం. మా ఆయన జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్లో పని చేసేవాడు. నేను ఇంట్లో కూర్చుని, ఆటోలో వచ్చే మూటలు విప్పి, కుట్టిన ప్యాంట్లకు మిగిలిన దారాలు కత్తిరించేదాన్ని. ఉతకడం అంటే సబ్బు పెట్టి ఉతకడం అనుకునేరు. కొత్త గుడ్డను పాతగా చేయడం. ఆ యూనిట్ కింద అంతస్తులో కుట్టు చూసే చోటు, పై అంతస్తులో గుడ్డను పాడు చేసే చోటు. కింద ఒక కుట్టు తప్పినా, ఒక చిల్లు పడినా డ్యామేజ్ అని అరిచి ప్యాంటును మూలనున్న కుప్పలోకి విసిరేస్తారు. అదే ప్యాంటు పైకి పోతే, గాలి నింపిన రబ్బరు కాళ్ళకు తొడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, బ్లేడుతో చీరి, ఊదారంగు మందునీళ్ళు చిమ్మి, దానికీ డ్యామేజ్ అనే పేరు పెట్టి పెద్ద ఊళ్ళకు పంపుతారు. నేను పనికి చేరిన కొత్తలో ఆ యూనిట్ మేస్త్రిని అడిగాను, ఇదేం కథప్పా అని. ఆయన చాలా ఓపికగా చెప్పాడు. "మేము చెప్పిన చోట చినిగితే డ్యామేజ్ పీసు. చెప్పని చోట చినిగితే డ్యామేజ్. అర్థమైందామ్మా?" అర్థమైందన్నాను. నిజంగా అర్థమయ్యేసరికి పాతికేళ్ళు పట్టింది.

మా ఆయన పని పైన. గాలితో నడిచే గన్ను ఒకటి చేతికిస్తారు. అందులోంచి మందునీళ్ళు మంచులాగా వస్తాయి. గుడ్డ మీద పడినప్పుడు ఊదాగా ఉండి, కాసేపటికి మట్టిరంగుకు తిరిగి, ఉతికితే ఆ చోటు తెల్లబడుతుంది. తొడ మీద, మోకాలి మీద, వెనకాల, ఏళ్ళ తరబడి తొడిగి అరిగిపోయినట్టు కనిపించాలి. ఎక్కువ పడితే సున్నం కొట్టినట్టుంటుంది, తక్కువ పడితే కనిపించదు. ఆ కొలత ఆయన మణికట్టులో ఉండేది. మాట తక్కువ మనిషి, కానీ చేతి మీద మాత్రం గర్వం. గోళ్ళు ఎప్పుడూ మట్టిరంగులో ఉండేవి, ఏ సబ్బుకూ పోయేవి కావు. పెళ్ళిళ్ళకు పోతే చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు. బజారుకు పోతే మాత్రం అందరూ మొహాలు చూస్తారు, ఆయన తొడలు చూసేవాడు. ఒకసారి గాజుల అంగడి నుంచి ఆటోల దాకా ఒక మనిషి వెనకాలే నడిచాడు. ఆ మనిషి తిరిగి, "ఏందప్పా, పర్సు లేపుతావా?" అని గల్లా పట్టుకున్నాడు. మా ఆయన, "లేదప్పా, నీ ప్యాంటు ఎనకాల తెలుపు నేను కొట్టిందే, ఎట్ల వచ్చిందో చూస్తాండా," అన్నాడు. నేను మధ్యలో పడి విడిపించాను. ఇంటికొచ్చాక అన్నాడు, "ఎడమ పక్క స్వల్ప ఎక్కువైంది మే."

ఆ పై గదికి ఒక ఫ్యాను ఉండేది, లోపలి మందుగాలిని బయటికి లాగేది. అది చెడిపోయింది. రెక్కల మధ్య పావురం గూడు కట్టింది. బాగు చేయించమని మా ఆయన అడిగితే, "పిల్లలుండాయప్పా గూట్లో, పాపం తగల్తాది," అన్నాడు మేస్త్రి. ఆ పిల్లలు ఎగిరిపోయాయి, మళ్ళీ గుడ్లు పెట్టాయి, మళ్ళీ పిల్లలయ్యాయి. పావురాల మీద అంత దయ చూపిన యూనిట్ ఈ జిల్లాలో ఇంకొకటి ఉండదు. ఆ ఫ్యాను కింద మనుషులు మూతికి చేతిగుడ్డ కట్టుకుని ఆ పొగమంచు పీలుస్తూ నిలబడేవారు. మా ఆయన దిండు మీద మట్టిరంగు చుక్కలు పడేవి. ముందు దుమ్మనుకున్నాను. దగ్గులో వచ్చేవని తర్వాత తెలిసింది.

ఒక రోజు పెద్ద సరుకు మీద పని నడుస్తోంది. గాలి కాళ్ళు తొడిగిన ప్యాంట్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆయన గన్ను పట్టుకుని ఒకటొకటే కొడుతూ పోతున్నాడు. నడుమ దగ్గు అందుకుంది. మామూలు దగ్గు కాదు, కడుపులోంచి లేచి మనిషిని వంచేసేది. వేలు మీట మీద బిగుసుకుపోయింది. చేయి ఎగిరిపడింది. పది పన్నెండు ప్యాంట్ల మీద అడ్డదిడ్డంగా మందు పడింది. మేస్త్రి వచ్చి చూసి, "ఏందప్పా ఇది, ముగ్గేసినావా?" అన్నాడు.

"దగ్గొచ్చిండాదప్పా."

"దగ్గొస్తే గన్ను పక్కన పెట్టల్ల గదా. అంతా డ్యామేజ్. ఇంటికి పో నువ్వు."

ఇంటికి వచ్చాడు. నేను పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న వయసుది. ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. నాకు భయమేసింది, అంతసేపు చూసేది ఏముంటుంది అని. "రెండు ఊపిరితిత్తులూ డ్యామేజ్ అయిండాయమ్మా," అంది. నేను గట్టిగా నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు. ఆమె కోప్పడలేదు. మా ఆయన వైపు తిరిగి, "పోయింది మళ్ళీ రాదు. మిగిలింది నిలుపుకోవల్ల. ఆ రూములో మళ్ళీ అడుగు పెడితే నిలవదు. నేను మందులు ఇచ్చేది దండగ," అంది. అంత స్పష్టంగా చెప్పింది. ఆ మాట మా ఇద్దరి చెవుల్లోనూ పడింది.

తర్వాతి నాలుగు నెలలు మా కాపురంలోనే మంచి నెలలు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నా పక్కన కూర్చుని దారాలు కత్తిరించేవాడు. ఆ లావు వేళ్ళకు చిన్న కత్తెర పట్టేది కాదు, దారంతో పాటు గుడ్డా తెగేది. "చూడు, డ్యామేజ్ చేసినావు," అని నేనంటే, "పైకి పంపు, రేటొస్తాది," అనేవాడు. పొద్దున ఉగ్గాని చేస్తానని పొయ్యి దగ్గర చేరేవాడు. బొరుగులు నీళ్ళలో మరీ నాననిచ్చి ముద్ద చేసేవాడు. తిన్నాం. ముందు గడప దాటితేనే ఆయాసపడిన మనిషి, మూల మీది టీ బంకు దాకా ఆగకుండా నడిచి, అక్కడి నుంచి నాకు చేయి ఊపాడు ఒక రోజు. దిండు మీద చుక్కలు తగ్గాయి. నిలబడుతున్నాడు అనుకున్నాను.

అప్పుడొచ్చాడు సావుకారు. ఆ యూనిట్ యజమాని. ముందు గనుల లారీలు నడిపినవాడు, లారీలు నిలిచిపోయాక ప్యాంట్ల మీద పడ్డాడు. కారు మా సందులో పట్టక, బయట నిలిపి నడిచి వచ్చాడు. వెనకాల మేస్త్రి, మేస్త్రి చేతిలో ఒక ప్యాంటు. నేను కాఫీ పెట్టాను. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వాలి కదా. ఆ కాఫీ ఇచ్చినందుకు కూడా ఇప్పుడు కోపమే నాకు.

"ఏమప్పా, ఆరోగ్య ఎట్ల ఉండాది?" అని, జవాబు రాకముందే ప్యాంటు విప్పి చూపించాడు. మా ఆయన దగ్గినప్పుడు పాడైన ప్యాంట్లలో ఒకటి. తెల్ల మరక వంకరగా దిగి, చుక్కలుగా చెదిరి ఉంది. "ఢిల్లీ పార్టీ వచ్చిండె. కింద డ్యామేజ్ కుప్పలో ఇది చూసినాడు. ఎవురి డిజైనిది, ఇట్లాంటిది యాడా చూళ్ళేదే అన్నాడు. పెద్ద ఆర్డరు. పైనోళ్ళంతా ట్రై చేసినారు, ఎవురికీ రాలేదు. గుండ్రంగా బొట్టు పెట్టినట్ల వస్తాండాది. నీ చేయి గావల్లప్పా."

నేను అన్నాను, "అది చేయి గాదప్పా. దగ్గు."

సావుకారు నవ్వాడు. "ఏదో ఒగటమ్మా. ఒక వారం వచ్చి వాళ్ళకు నేర్పిస్తే చాలు."

"డాక్టరమ్మ ఆ రూములో అడుగు పెట్టద్దనింది. పెడితే మనిషి దక్కడు."

"నిలబడి చెప్పేదానికే గదక్కా," అన్నాడు మేస్త్రి. "కుర్చీ ఏస్తాము."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ప్యాంటు ఒళ్ళో వేసుకుని ఆ మరక అంచు మీద వేలు నడుపుతున్నాడు, పసిబిడ్డ బుగ్గ నిమిరినట్టు. అప్పుడే నాకు తెలిసిపోయింది, ఈ మనిషి పోతాడని.

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో జరిగిన రభస మా సందుకంతా గుర్తుంటుంది. నేను అరిచాను, గిన్నెలు విసిరాను. ఆయన గోడకానుకుని విన్నాడు. చివరికి అన్నాడు, "ఇరవై ఏండ్లు ఎవురో గీసిచ్చిన బొమ్మ చూసి కొట్టినా మే. ఇది నాదంటాండారు. ఢిల్లీ నుంచి వచ్చి నాదంటాండారు."

"నీది గాదు. నీ రోగానిది."

"రోగం నాది గాదా?" అన్నాడు. మరునాడు పొద్దున ఆయన చెప్పులు తీసి బియ్యం డబ్బాలో దాచాను. చొక్కాలన్నీ తడిపి నీళ్ళ బకెట్లో పడేశాను. ఆయన కాసేపు వెతికి, తడి చొక్కా పిండి తొడుక్కుని, వట్టి కాళ్ళతో వెళ్ళిపోయాడు.

అక్కడేం జరిగిందో మూడో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి మా పక్క గది అక్క చెప్పింది. ఆమె ఆ యూనిట్లోనే ఉప్పుకాగితం రుద్దేది. మొదటి రోజు కుర్చీ వేశారట, నిజమే. ఆయన చెప్తే మిగతావాళ్ళు కొట్టారు. రాలేదు. రెండో రోజు ఆయనే గన్ను తీసుకున్నాడు. చేయి విదిలించి చూశాడు, ఊపి చూశాడు. అలలు వచ్చాయి కానీ ఆ మరక రాలేదు. అది ఎలా వస్తుంది? అది చేతితో వచ్చింది కాదు, పొట్టలోంచి లేచింది. మూడో రోజు మేస్త్రి, "ఆ పొద్దు నీ మూతికి గుడ్డ ఉండిందా?" అని అడిగాడట. గుర్తు లేదన్నాడు ఈయన. "తీసి చూద్దాం," అన్నాడట మేస్త్రి. తీశాడట ఈ మహానుభావుడు. మందు లోపలికి పోయింది. దగ్గొచ్చింది. మరక వచ్చింది. గదంతా చప్పట్లు కొట్టారట. అక్క ఈ మాట చెప్తూ కళ్ళు తుడుచుకుంది. "నువ్వూ కొట్టినావా?" అని అడిగాను. తల దించుకుంది.

నేను చేతిలోని కత్తెర కింద పెట్టి లేచి పోయాను. కింద ఎవరో ఆపబోతే నెట్టేసి మెట్లెక్కాను. ఆ పై గదిలో నేను చూసినదాన్ని ఈ కళ్ళు మట్టిలో కలిసే దాకా మర్చిపోలేను. ప్యాంట్లు తొడిగిన కాళ్ళు రెండు వరసలు. అటూ ఇటూ మనుషులు. మిషన్లన్నీ ఆపేశారు. నడుమ మా ఆయన గన్ను పట్టుకుని, మూతికి గుడ్డ లేకుండా, కాస్త వంగి నిలబడి ఉన్నాడు. అందరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు. దగ్గు కోసం కాచుకుని ఉన్నారు. ఫ్యానులో పావురం మాత్రం గురగురమంటోంది.

మందు పైపు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. అది గన్ను నుంచి ఊడి పాములాగా లేచి, మందునీళ్ళు మేస్త్రి తెల్లచొక్కా మీద చిమ్మింది. "ఏమమ్మా, తల సరిగ్గా ఉండాదా నీకు?" అన్నాడు మేస్త్రి.

"నాకుండాది. మీరు మనుషులాప్పా? ఒగ మనిషి దగ్గు కోసరం ఇంతమంది నిలబడతారా?" అన్నాను. తర్వాత అన్నవి నా కూతురు రాయనంటోంది.

నేను వేడుకున్నది ఆయన్ని. "రా, ఇంటికి పోదాం," అని చేయి పట్టుకున్నాను. ఆయన నా చేయి మెల్లగా విడిపించుకున్నాడు. "పరువు తీస్తాండావు మే. పో ఇంటికి. ఈ ఒగ్గ ఆర్డరు అయిపోనీ," అన్నాడు. అని, అందరి ముందూ తానే వంగి, కింద పడిన పైపు తీసుకుని, మళ్ళీ గన్నుకు బిగించాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను. నాలుగో మెట్టు మీద ఉండగా పైన దగ్గు వినిపించింది.

మూడు వారాలు పనికి పోయాడు. నాలుగో వారం లేవలేదు. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఎవరు పెట్టిన రూలో అది. నాకు ఆయన మీద కోపమే. ఇరవై ఏళ్ళకొకసారి ఎవడో మెచ్చుకుంటే ఊపిరి తీసి చేతికిచ్చే మనిషిని ఏమనాలి. నేను మెచ్చుకోలేదా అంటే, లేదు. ఆ మరక బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. బాగుండేది. వాన చివర్న చినుకులు చెదిరినట్టు ఉండేది. ఆ మాట ఇంట్లో నేను అని ఉంటే పోకుండా ఉండేవాడేమో. ఈ కోపం ఎవరి మీదో మీరే చెప్పండి.

శవం లేవక ముందు సావుకారు పెద్ద పూలదండతో వచ్చాడు. చేతులు కట్టుకుని, "మా యూనిట్‌కు చానా డ్యామేజ్ అయిందమ్మా," అన్నాడు. నష్టం అని ఆయన ఉద్దేశం. నేను ఏడుపు ఆపి అడిగాను, "యా కుప్పలో ఏస్తావప్పా ఈయప్పని, కిందదాంట్లోనా?" ఆయన మొహం చిన్నబోయింది. మా బంధువుల్లో ఒకామె నా నోరు మూసింది. తర్వాత, పెద్దమనుషుల ముందు అట్లా మాట్లాడితే ఆడదాని పేరు డ్యామేజ్ అవుతుందని నాకు బుద్ధి కూడా చెప్పింది. ఆమె చదువుకోలేదు. ఆమెకూ వచ్చు ఆ మాట.

ఆ యూనిట్ మూటలు నా గడప తొక్కకూడదన్నాను. వేరే యూనిట్ల మూటలే తీసుకున్నాను. అయినా ఒక రోజు మూట విప్పితే పై ప్యాంటు మీదే ఆ మరక. రెండోదాని మీదా. మూడోదాని మీదా. అన్నీ నేల మీద పరిచాను. చుక్కకు చుక్క అన్నీ ఒకటే. ఒక చుక్క కూడా అటూ ఇటూ లేదు. ఏ మనిషీ రెండుసార్లు ఒకేలాగ దగ్గడు. మూట తెచ్చిన ఆటో అతన్ని అడిగాను, ఎట్ల కొడ్తాండారప్పా ఇది అని.

"సావుకారు యూనిట్‌లో సరుకు ఎక్కువై ఈ యూనిట్‌కు ఇచ్చినారక్కా. రేకు ఇచ్చినారు దానికి. పాత ప్యాంటు మీద రేకు పెట్టి, మరక ఎట్లుంటే అట్ల కోసేసినారంట. రేకు పరిచి మందు కొడితే సరి, ఎవురు కొట్టినా వస్తాది."

"ఆ రేకు కోసేదానికి ఎన్ని దినాలు పట్టింది?"

"దినాలేందక్కా," అన్నాడతను, ఖాళీ మూట చంకలో పెట్టుకుంటూ. "అన్నం తిని మొదులుపెట్టినారంట. టీ యాళకు అయిపోయింది."

నేను ఆ లెక్కే చూసుకుంటూ బతుకుతున్నాను. అన్నానికీ టీకీ మధ్య రెండు గంటలు. ఆ రెండు గంటలు, ఆయన దగ్గిన ఆ మూడు వారాలకు ముందు ఎవరికీ దొరకలేదు.